మూడో కౌంటరు

స్టిక్కరు బుడగలు రాకుండా అంటించడం కూడా ఒక విద్యే. వెనక కాగితాన్ని ఒక్కసారిగా లాగెయ్యకూడదు. రెండు వేళ్ళ వెడల్పు లాగి, పాత బస్సు కార్డు అంచుతో మధ్యలోంచి పక్కలకి నెట్టుకుంటూ పోవాలి. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి యూచింగ్ మూడో కౌంటరు అద్దం మీద ఆ పనిలోనే ఉంది. పెళ్ళయి నలభై రెండు రోజులైంది. ఈమధ్య ఏ పని పట్టుకున్నా చేతుల్లో ఏదో హుషారు. ఒక్క బుడగ లేకుండా స్టిక్కరు అతుక్కునేసరికి దాని నునుపు మీద అరచెయ్యి ఆనించి తనలో తనే నవ్వుకుంది.

స్టిక్కరు మీద బంగారు జుట్టు మనిషి బొమ్మ. దాని పక్కన 'ఇంగ్లీషు సేవ' అని ఇంగ్లీషులో ఇంతింత అక్షరాలు. మొన్నటిదాకా అక్కడ 'తైవానీలో మాట్లాడండి, వింటాం' అనే ఎర్ర స్టిక్కరు ఉండేది. శుక్రవారం సాయంత్రం దాన్ని బ్లేడుతో గీకేశారు. ఆ కౌంటరు పక్కన ఎత్తు పీట మీద, ఉప్పుమడుల్లో పనిచేసి రిటైరైన ముసలాయన కూర్చుని చదువురాని వాళ్ళకి ఫారాలు నింపి పెడుతుండేవాడు. ఆయన్ని వెనక వరండాలో పూలకుండీలకి నీళ్ళు పొయ్యమన్నారు.

యెన్‌చ్యావ్ మండలంలో ఉన్నవి సముద్రం, చేపల చెరువులు, అరవై దాటిన జనం. దేశం ఇంగ్లీషుని రెండో అధికార భాష చేసుకోవాలా వద్దా అని తైపేలో టీవీల వాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఈ మండలాన్ని ఏలే నగరం మాత్రం అంతవరకూ ఆగలేకపోయింది. ప్రతి మండల కార్యాలయానికీ మార్కులు పెట్టి, గెలిచిన వాళ్ళకి గాజు ఫలకం ఇస్తామంది. తనిఖీ బుధవారం.

"దేశం సంగతి దేశం చూసుకుంటుంది. మనం ముందుండాలి. సింగపూర్ చూడండి!" అన్నాడు విభాగాధికారి కో గారు. ఆయన సింగపూర్ చూసింది నాలుగేళ్ళ కిందట, మూడు రోజులు. అప్పటి సింహం బొమ్మ తాళంచెవుల గుత్తికి ఇంకా వేలాడుతూనే ఉంది.

ఇంగ్లీషు పరీక్షలో కార్యాలయం మొత్తం మీద ఎక్కువ మార్కులు యూచింగ్‌వి. అందుకని కౌంటరు ఆమెకిచ్చారు. కాంట్రాక్టు ఉద్యోగానికి అది చిన్న గౌరవం కాదు. పైనున్న కెమెరా రికార్డు చేస్తుంది కాబట్టి ఈ వారమంతా ఆ కౌంటర్లో మాటా పలుకూ ఇంగ్లీషులోనే అని కో గారి ఆజ్ఞ.

తొమ్మిదిన్నరకి టోకెన్ల యంత్రం గంట కొట్టింది. యంత్రానికిప్పుడు రెండే మీటలు, చైనీసు, ఇంగ్లీషు. చదువురాని ఎవరో ఇంగ్లీషు మీట మీదున్న విదేశీ బొమ్మ చూసి, అది తన కోసమేననుకుని నొక్కారు.

చక్రాల కుర్చీలో ఎనభై ఎనిమిదేళ్ళ ముసలమ్మ. వెనక కుర్చీ నెడుతూ ముప్ఫై దాటిన చామనచాయ మనిషి, పూల తలగుడ్డ, రబ్బరు చెప్పులు. కుర్చీ పిడికి చిలగడదుంప ఆకుకూర కట్ట వేలాడుతోంది.

విదేశీయురాలు! యూచింగ్ గుండె ఒక్క గంతు వేసింది. లేచి నిలబడి, నమస్కారమనీ, మీకు ఏవిధంగా సాయపడగలననీ ఇంగ్లీషులో గుక్కతిప్పుకోకుండా వల్లించింది.

ఆ మనిషి తన వెనకెవరైనా ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు. అద్దం కింది సందులోంచి ఒక కవరు తోసి, నికార్సైన తైవానీలో అంది: "ఈ కాయితం గడువు సుక్కురారంతో అయిపోద్దంటమ్మా. కొత్తది రాయించాల. ఫోటోలున్నాయి, డాక్టరు చీటీ ఉంది, అన్నీ ఉన్నాయి."

యూచింగ్ పుట్టి పెరిగింది తాయ్‌చుంగ్‌లో, తొమ్మిదో అంతస్తులో. ఇంట్లో చైనీసే. ఆమెకి తెలిసిన తైవానీ అంతా తిండి చుట్టూ తిరుగుతుంది. కాగితం అన్నది అర్థమైంది, శుక్రవారం అర్థమైంది, మిగతాది గాలిలో పోయింది. పైన కెమెరా ఎర్రగా కన్ను మిటకరిస్తోంది. ఆమె పాస్‌పోర్టు అడిగింది, ఇంగ్లీషులోనే.

"ఏటంటాందే?" అంది ముసలమ్మ.

"నాకూ తెల్దు ఆమా," అంది ఆ మనిషి. ఆమా అంటే అవ్వ.

ఇలా లాభం లేదని యూచింగ్ గొంతు తగ్గించి చైనీసులోకి దిగింది. కవరులో కార్డు చూసి పిలిచింది: "హ్వాంగ్ ఖ?"

ముసలమ్మ ఆకుకూర కట్ట వంక చూస్తూ కూర్చుంది. ఇంకోసారి గట్టిగా పిలిచినా ఉలకలేదు, పలకలేదు.

"అలా పిలిస్తే పలకదమ్మా," అంది చామనచాయ మనిషి. "అది చైనీసోళ్ళు సదువుకునే పేరు. ఆమా పేరు ఓ. ఓ అంటే ఆల్చిప్ప." వంగి ముసలమ్మ చెవిలో "ఓ!" అంది. ముసలమ్మ ముఖం వెలిగి, "ఆఁ, ఆఁ, ఉన్నాను," అంది.

ఆ మనిషి పేరు వార్తిని, ముసలమ్మ నోట్లో ఆ-ని. జావా నుంచి వచ్చి మూడేళ్ళు కావస్తోంది. చైనీసు వింటే అర్థమవుతుంది గానీ నోట్లోంచి ముక్కలు ముక్కలుగా వస్తుంది. తైవానీ మాత్రం చెరువుగట్టు మీద పుట్టిన దానిలా మాట్లాడుతుంది. యూచింగ్ చైనీసులో అడిగింది. వార్తిని దాన్ని తైవానీ చేసి ముసలమ్మ చెవిలో వేసింది. ముసలమ్మ చెప్పింది ముక్కల చైనీసులో అద్దం కిందినుంచి వెనక్కి వచ్చింది. ఒకే దేశంలో పుట్టిన ఇద్దరి మధ్య జావా మనిషి దుబాసీ. యూచింగ్‌కి చెవులు వేడెక్కాయి. పక్క కౌంటర్లో లిహ్వా అక్క తల వంచుకుని స్టాప్లర్‌లో పిన్నులు నింపుతోంది. నవ్వు ఆపుకోవడానికి ఆమె ఎప్పుడూ చేసే పని అదే.

అది ముసలమ్మ వైకల్య ధ్రువపత్రం, చూసుకోవడానికి విదేశీ మనిషిని పెట్టుకోవాలంటే అది చెల్లుబాటులో ఉండాలి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. దరఖాస్తు మీద సంతకానికి బదులు ముసలమ్మ పేరు ముద్ర కూడా ఉంది. యూచింగ్ 'స్వీకరించాం' అనే ముద్ర అందుకుంది.

"ఆగాగు!" కో గారు ఎప్పుడొచ్చి నిలబడ్డాడో. "ఆమె విదేశీయురాలేగా?"

"ఇండొనేషియా, సార్. ఇంగ్లీషు రాదు."

"వచ్చా అని ఎవరడిగారు? ఆరు వాక్యాలు నేర్పు. బుధవారం తనిఖీవాళ్ళ ముందు ఈ దరఖాస్తే ఇస్తుంది. నిజం విదేశీయురాలు, నిజం దరఖాస్తు! పోయినేడు పక్క మండలం వాళ్ళు గుమాస్తా మొగుడికి బంగారురంగు విగ్గు పెట్టి దొరికిపోయారు."

"గడువు శుక్రవారం, సార్."

"బుధవారం తరవాతేగా శుక్రవారం వచ్చేది?"

సంగతి విన్న వార్తిని రెండు చేతులూ కౌంటరు మీద పెట్టింది. "ఇప్పుడే తీసుకుంటే ఏటమ్మా? ఈ కాయితం లేకపోతే నా ఒప్పందం మళ్ళీ రాయరు. ఏజెంటు నన్ను ఇంకో ఇంటికి తోలేత్తాడు. ఆమా కొడుకు ఓడ మీద వంటోడు, ఏడాదికోపాలి వత్తాడు. ఆమాని ఎవరు సూత్తారు?"

ఆ మాటలు యూచింగ్‌కి సగమే అందాయి. తక్కిన సగం లిహ్వా అక్క పక్కనుంచి మెల్లగా చైనీసులో అందించింది. కో గారు చెయ్యి ఊపి, బుధవారం వస్తే అప్పటికప్పుడే అయిపోతుందన్నాడు. వద్దనుకుంటే ఒకటో కౌంటరు వరసలో నిలబడమన్నాడు. ఒకటో కౌంటరు గుమాస్తా కాన్పు సెలవులో ఉంది.

యూచింగ్ ముద్రని డబ్బాలో పెట్టేసింది. రెండు రోజులే కదా అనుకుంది.

*

మంగళవారం పొద్దున్న యూచింగ్‌కి మొగుడు బోవే పాలచేప పొట్టముక్క వేసిన జావ పెట్టాడు. బోవేది చేపలకి ముళ్ళు తీసే షెడ్డు. ఒక్కో పాలచేపకి రెండొందల ఇరవై రెండు ముళ్ళు. అన్నీ తీశాక కూడా చేప చేపలాగే కనపడాలి. ఆ వేళ్ళు తన జడ విప్పినప్పుడు ఒక్క వెంట్రుక కూడా లాగవని పెళ్ళైన వారానికే యూచింగ్ కనిపెట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక, ఎవరికైనా చెప్పాలనిపించి ఒకటే ఇబ్బంది.

అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి తైవానీలో ఏదో అంది. యూచింగ్ చిరునవ్వుతో తల ఊపింది. అత్తగారి ముఖం వాడిపోయింది.

"జావలో ఉప్పు ఎక్కువైందా అని అడిగింది మా అమ్మ," అన్నాడు బోవే. "నువ్వు అవునన్నావు."

"అయ్యో! లేదు లేదు, బాగుంది, బాగుంది!" బాగుంది అనే మాట ఆమెకి తైవానీలో వచ్చు. నాలుగుసార్లంది. అత్తగారు నవ్వేసి ఇంకో పొట్టముక్క వేసింది.

గోడమీద టీవీలో ఎవరో టై కట్టుకున్నాయన, ఇంగ్లీషు రెండో అధికార భాష కాకపోతే దేశం మునిగిపోతుందంటున్నాడు. ఎదుటాయన, అయితేనే మునిగిపోతుందంటున్నాడు.

"వస్తే మంచిదే," అంది యూచింగ్. "ప్రపంచంతో మాట్లాడొద్దూ? నీ చేపలు రేపు సింగపూర్ వెళ్ళొచ్చు."

"ముల్లు ఏ భాషలో గుచ్చుకున్నా ముల్లే," బోవే గిన్నె ఎత్తి జావ తాగాడు. "సరే, చైనీసు మొదటిది, ఇంగ్లీషు రెండోది. మా అమ్మది ఎన్నోది?"

"పొద్దున్నే మొదలెట్టావా!" చెంచాతో అతని వేళ్ళ మీద కొట్టి, నవ్వుకుంటూ స్కూటర్ ఎక్కింది.

మధ్యాహ్నం సమావేశం గదిలో పాఠం. ముసలమ్మని కిటికీ దగ్గర ఎండలో కూర్చోబెట్టి, వార్తిని బల్లకి ఎదురుగా బడిపిల్లలా కూర్చుంది. ఆరు వాక్యాలు. ఒక్కోదాన్ని యూచింగ్ పలికితే ఆమె పలికింది. చెవి మంచిది. కానీ ప్రతి వాక్యానికీ "అంటే ఏటి?" అని అడిగి, లిహ్వా అక్క అర్థం చెప్పేదాకా రెండోది ముట్టుకోలేదు. అర్థం తెలియని మాట నోట్లో పెట్టుకుంటే ఎంగిలి కూడు తిన్నట్టుంటుందంది.

నమస్కారం. సరే. నేను ఇండొనేషియా నుంచి వచ్చాను. సరే. ఈ ధ్రువపత్రం మార్చుకోవాలి. సరే. మీ దయగల సాయానికి కృతజ్ఞతలు. సరే. ఈ నగరం ఎంతో స్నేహంగా ఉంటుంది. కాస్త ఆలోచించి, సరే. ఆరోది, 'ఇంగ్లీషు వల్ల నా జీవితం సులువైంది.'

అర్థం విని వార్తిని బల్ల పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది. "ఇది నాను సెప్పలేనమ్మా. అబద్ధం. నాకు ఇంగ్లీసెక్కడిది? నా బతుకు సులువు సేసింది ఆమా. వీపు గోక్కునే పుల్లతో సూపిత్తూ నేర్పింది. ఇది కుండ, ఇది చేప, ఇది దొంగనాయాలు ఏజెంటు."

కిటికీ దగ్గర ముసలమ్మ తనపేరెత్తారని తెలిసి నవ్వింది. ముందు పళ్ళు రెండే ఉన్నాయి.

"చెప్పాల్సిందే. మార్కులన్నీ ఆ వాక్యానికే," అన్నాడు కో గారు తలుపులోంచి. "తలగుడ్డ ఇంకా రంగురంగులది కట్టుకోమను. ముసలామెని మాత్రం తేవద్దు. అరుస్తుంది."

"చిన్నప్పుడు జపానోళ్ళు కొట్టి ఆళ్ళ బాస నేర్పారు. ఆళ్ళు పోయాక చైనీసోళ్ళొచ్చి ఇంకోటన్నారు," అంది ముసలమ్మ ఎవరూ అడగకుండానే, కిటికీతో చెబుతున్నట్టు. "ఇంక నాను నేర్సుకోను. పో."

లిహ్వా అక్క దాన్ని చైనీసులోకి మార్చలేదు. "ఏం లేదులే," అంది కో గారితో.

*

బుధవారం కార్యాలయం కల్యాణ మండపంలా ఉంది. ప్లాస్టిక్ ఆర్కిడ్లు తెచ్చి నిజం మొక్కలకి అడ్డం పెట్టారు. మరుగుదొడ్డి తలుపు మీద ఇంగ్లీషు, చెత్తబుట్ట మీద ఇంగ్లీషు, నీళ్ళయంత్రం మీద ఇంగ్లీషు. పొద్దున్నే పింఛను కాగితాలకొచ్చిన ఆరుగురు ముసలివాళ్ళని మధ్యాహ్నం రమ్మని పంపేశారు. ఒకావిడ అప్పటికే బస్సులో నలభై నిమిషాలు కూర్చుని వచ్చింది. వెనక్కి బస్సు పదకొండింటికి గానీ లేదు.

వార్తిని ముసలమ్మని తీసుకునే వచ్చింది. చూసేవాళ్ళు లేరంది. కో గారు నాలుక చప్పరించి, కుర్చీని స్కూటర్ల షెడ్డులోకి నెట్టించాడు. పది నిమిషాలన్నాడు.

తనిఖీ వాళ్ళు ముగ్గురు. విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసరమ్మ, నగర కార్యాలయం అధికారి, ట్యూషన్ సెంటర్లో ఇంగ్లీషు చెప్పే తెల్లకుర్రాడు. ముగ్గురి చేతుల్లో పాలటీ గ్లాసులు. ముందుగా గోడలు చూశారు. చెత్తబుట్ట మీది స్పెల్లింగు బాగుందని ప్రొఫెసరమ్మ మెచ్చుకుంది. పది నిమిషాలు కాస్తా నలభై అయ్యాయి. వార్తిని గుమ్మం దగ్గర నిలబడి షెడ్డు వైపు మెడ చాస్తూనే ఉంది. చాచినప్పుడల్లా కో గారు కళ్ళతోనే ఆమెని లోపలికి లాగుతున్నాడు.

చివరికి గంట మోగింది. "మూడో కౌంటరు," అంది యంత్రం ఇంగ్లీషులో.

వార్తిని అద్దం ముందుకొచ్చింది. ఒకటో వాక్యం, రెండోది, మూడోది. యూచింగ్ తన వంతు జవాబులు చెప్పింది. తన గొంతు తనకే విమానంలో ప్రకటనలా వినిపించింది. దరఖాస్తు తీసుకుని రెండు చేతులతో పట్టుకుంది. కెమెరాలు మెరిశాయి. కాగితం ఇంకొంచెం పైకి ఎత్తమని కో గారు సైగ చేశాడు. ఎత్తింది.

తెల్లకుర్రాడు ముందుకు వంగాడు. ముఖంలో మర్యాద ఉంది. ఇక్కడ మీకు అన్నిటికంటే కష్టమైనదేమిటి అని ఇంగ్లీషులో అడిగాడు.

అది పాఠంలో లేదు. వార్తిని యూచింగ్ వంక చూసింది. ఆ ప్రశ్నని తైవానీ చెయ్యడం యూచింగ్‌కి రాదు. చైనీసులో గొణిగితే కెమెరా వింటుంది. సరిగ్గా అప్పుడే షెడ్డులోంచి ముసలమ్మ గొంతు వచ్చింది. "ఆ-నీ! ఆ-నీ! ఓలమ్మా, ఆ-నీ!"

వార్తిని తిరగబోయింది. కో గారు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, నవ్వుతూనే. "ఆరోది," అన్నాడు పళ్ళమధ్యనుంచి. ఆమె కళ్ళు మూసుకుని, వాంతి చేసుకునేదానిలా ఒక్కసారిగా కక్కేసింది, ఇంగ్లీషు వల్ల తన జీవితం సులువైందని.

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకుంది. తెల్లకుర్రాడొక్కడే చప్పట్లు కొట్టకుండా, తనడిగినదానికి ఇది జవాబా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. అధికారి అతని భుజం తట్టి ఫోటోకి నిలబెట్టాడు.

యూచింగ్ షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి వార్తిని మోకాళ్ళ మీద కూర్చుని ముసలమ్మ కాళ్ళు తుడుస్తోంది. కుర్చీ కింద సిమెంటు మీద తడి. ఎండకి వాసన లేస్తోంది. ముసలమ్మ ముఖం రెండు చేతుల్లో దాచుకుని, "సిగ్గే, సిగ్గే," అంటోంది. ఆ మాట యూచింగ్‌కి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

వెనకాలే కో గారు గది సువాసన డబ్బా పట్టుకుని వచ్చాడు. మల్లెపూల వాసనది. తడి మీద, కుర్చీ మీద, ముసలమ్మ ఒడి మీద కూడా రెండుసార్లు పిచికారీ కొట్టాడు. "కార్లు ఇటునుంచే బయటికెళ్తాయి," అన్నాడు, అది కారణమన్నట్టు. మల్లెపూలూ మూత్రమూ కలిసిన ఆ వాసన యూచింగ్ గొంతులోకి దిగింది.

వార్తిని లేచి, తడిగుడ్డ పిండి, కుర్చీ పిడి పట్టుకుంది. యూచింగ్ ముందు ఒక్క క్షణం ఆగింది. నవ్వకుండా, తప్పుల్లేకుండా, మీ దయగల సాయానికి కృతజ్ఞతలు అంది ఇంగ్లీషులో. కుర్చీ నెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బోవే చేపముక్క వడ్డిస్తే యూచింగ్ ముక్కు మూసుకుంది. "మల్లెవాసన," అంది. అతను చేప మూడుసార్లు వాసన చూశాడు.

*

శుక్రవారం పదకొండింటికి నగరం నుంచి ఫోనొచ్చింది. రెండో బహుమతి. కో గారు అందరికీ గుడ్డు పిండివంట తెప్పించాడు. యూచింగ్ తినలేదు. గురువారమంతా ఆమె ముసలమ్మ దరఖాస్తు కోసం వెతుకుతూనే ఉంది. కంప్యూటర్లో ఎక్కలేదు, ట్రేలో లేదు. అడిగితే కో గారు "ఫైల్లో ఉంది" అన్నాడు.

ఫైలంటే ఏదో ఇప్పుడు తెలిసింది. ఫోన్ ఉన్న బల్లమీద నీలం అట్ట ఆల్బమ్, తనిఖీ ఆధారాల సంపుటం. మూడింటికి నగరం వాళ్ళొచ్చి ప్రదర్శనకి తీసుకెళ్తారు. పదిహేడో పేజీలో వార్తిని ఫోటో. దాని ఎదుట ప్లాస్టిక్ కవరులో ముసలమ్మ దరఖాస్తు. దానికి అడ్డంగా, ఆల్చిప్ప అని చెక్కిన చిన్న ఎర్ర ముద్రని కూడా మింగేస్తూ, 'నమూనా' అని ఎర్రసిరా ముద్ర.

"సార్, ఇది నిజం దరఖాస్తు."

"నమూనా అంటే నిజమైనదే ఉండాలి మరి. ఉత్తిది పెడితే పోయినేడులా మార్కులు కోస్తారు."

"గడువు ఈరోజు సార్. అయిదింటికి. దాటితే మళ్ళీ ఆసుపత్రి పరీక్షలు, రెండు మూడు నెలలు..."

"వచ్చేవారం ఇంకో ఫారం ఇమ్మను. గడువు చూసుకోవాల్సింది వాళ్ళు కాదూ?" పిండివంట కొరికాడు. పెదవి చివర పచ్చసొన అంటింది. "డిసెంబరులో నీ కాంట్రాక్టు గురించి నేనే రాయాలి, యూచింగ్. మంచిగా రాద్దామనుకుంటున్నాను. ఈ కౌంటరు నీవల్లే గెలిచింది."

యూచింగ్ ఆ పచ్చసొన వంకే చూసింది. అతను నాలుకతో దాన్ని లోపలికి తీసుకున్నాడు. మొన్నటి మల్లెవాసన మళ్ళీ గొంతులోకొచ్చింది. ఈసారి అది అతనిది ఒక్కడిదే అనిపించలేదు. కాగితం ఇంకొంచెం పైకి ఎత్తమంటే ఎత్తింది తను కాదూ?

పన్నెండింటికి, రోజూ తీసే మధ్యాహ్నపు కునుకుకి, దీపాలు ఆర్పి అందరూ బల్లల మీద తలలు వాల్చారు. కో గారు కళ్ళకి గంతలు కట్టుకుని కుర్చీ వెనక్కి వాల్చాడు. యూచింగ్ ఆల్బమ్ దగ్గరికి వెళ్ళి, పదిహేడో పేజీ కవరులోంచి దరఖాస్తు, దాని వెనకున్న డాక్టరు చీటీ, ఫోటోలు బయటికి లాగింది. ప్లాస్టిక్ కరకరమంది. డాక్టరు చీటీ మీద ముద్ర పడలేదు. దరఖాస్తు చెడింది, కొత్తది కావాలి. దాని మీద మళ్ళీ ముసలమ్మ పేరు ముద్ర పడాలి. ఇష్టపూర్వకంగానే అడుగుతున్నానని ఆమే తన నోటితో చెప్పాలి.

లిహ్వా అక్క బల్ల మీంచి తలెత్తి చూసింది. ఖాళీ కవరు వంక చూసింది. "నేను నిద్రపోతున్నాను," అని మళ్ళీ తల వాల్చింది.

*

ముసలమ్మ ఇల్లు రెండు చెరువుల మధ్య గట్టు చివర. గుమ్మం తెరిచే ఉంది. యూచింగ్ స్కూటర్ ఆపి "ఆ-ని!" అని పిలిచింది. జవాబు లేదు. చెరువులో గాలిచక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. పక్కచెరువు గట్టు మీదాయన చైనీసులో కేకేశాడు: పొద్దున్నే ఏజెంటు వచ్చి ఆమెని ఆరోగ్య పరీక్షకి తీసుకెళ్ళాడట, మూడు దాటితే గానీ రాదట, ముసలమ్మని తను అప్పుడప్పుడూ చూసిపోతున్నాడట. చెప్పి, వల తీసుకుని అవతలి గట్టుకి దిగిపోయాడు.

లోపల ముసలమ్మ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తలుపులో నిలబడ్డ కొత్త అమ్మాయిని, భుజాన సంచిని, చేతిలో కాగితాన్ని చూసింది. చూసి ముఖం గోడకి తిప్పుకుంది.

"ఆమా," అంది యూచింగ్. తరవాతి మాట కోసం వెతికింది. తనకొచ్చినవి తిండిమాటలే. "అన్నం... తిన్నావు?"

"తిన్నాను. తినకపోతే సచ్చిపోతానా? పో."

పో అన్నది అర్థమైంది. మంచం పక్కన నేలమీద చతికిలబడింది. కాగితం పరిచి, ఖాళీ చోటు మీద వేలు పెట్టింది. "ముద్ర. ఆమా ముద్ర. కొట్టు."

ముసలమ్మ మెడలో వేలాడే చిన్న గుడ్డసంచిని పిడికిట్లో బిగించింది. "కొట్టను! నాకు తెల్సు. ఏజెంటు ఆ-నిని అట్టుకుపోయాడు, నిన్ను తోలాడు. ఈ కాయితం మీద గుద్దితే నువ్వుంటావు, అది ఇంక రాదు. నాకు కొత్త పిల్ల వద్దు. నాకు ఆ-ని కావాల!"

మాటలు జలజలా పోయాయి. వాటిలోంచి యూచింగ్ ఏరుకోగలిగినవి మూడే. ఆ-ని, నువ్వు, వద్దు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ముసలమ్మ తనని ఎవరనుకుంటోందో తెలిసింది. గోడమీద గడియారం ఒంటిగంట ఇరవై చూపిస్తోంది.

బోవేకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. షెడ్డులో తడిచేతులతో ఉంటాడు. లిహ్వా అక్కకి చేస్తే పక్కనే కో గారు వింటాడు. అత్తగారి నంబరు ఆమె ఫోన్లో లేదు. పెళ్ళయి ఇవాళ్టికి నలభై ఆరు రోజులు. అడిగి రాసుకోవాలని తోచలేదు.

"కాదు, కాదు, ఆమా." మోకాళ్ళ మీద మంచం దగ్గరికి జరిగింది. "నేను... కాదు. ఆ-ని. ముద్ర కొట్టు... ఆ-ని ఎండిపోద్ది."

ముసలమ్మ ఉలిక్కిపడి తిరిగింది. "ఎండిపోద్దా? ఏటే, అదేటి చేపా?"

"ఎం... ఉం... ఉండి. ఉండిపోద్ది. ఇల్లు. ఈ ఇల్లు. ఆమా, ఆ-ని, ఈ ఇల్లు." రెండు చూపుడువేళ్ళు పక్కపక్కన ఆనించి చూపించింది. తరవాత కాగితం మీద వేలు. "కొట్టకపోతే... ఆ-ని పో. కొడితే... ఉండిపోద్ది."

ముసలమ్మ ఆ రెండు వేళ్ళనీ చాలాసేపు చూసింది. ఆనక గోడకి తగిలించిన వీపుపుల్ల తీసి, దాని కొనతో కాగితాన్ని తట్టింది. "దీని మీద గుద్దితే ఆ-ని ఉండిపోద్ది. అదేనా సెప్పేది?"

"అదే. అదే."

"ఉం-డి-పోద్ది. ఇంకోపాలి అను."

"ఉండిపోద్ది."

"ఆఁ. ఇప్పుడు సరిగ్గా అన్నావు." గుడ్డసంచి ముడి విప్పడానికి ముసలమ్మ వేళ్ళకి చాలాసేపు పట్టింది. యూచింగ్ సాయం చెయ్యబోతే చెయ్యి మీద పుల్లతో కొట్టింది. ముద్రని నోటి దగ్గర పెట్టుకుని ఆవిరి ఊది, సిరా డబ్బాలో రెండుసార్లు అద్ది, వంగి, నాలుక పక్కకి కరచుకుని, పెట్టాల్సిన చోట సరిగ్గా గుద్దింది. తీసి చూసుకుంది. అక్షరం ఎక్కడా చెదరలేదు.

"నా ఇష్టంతోనే గుద్దాను," అంది ఎవరూ అడగకముందే. అలాంటి కాగితాలు ఆమె ఇదివరకు ఎన్ని చూసిందో.

యూచింగ్ సిరా ఆరాలని కాగితం మీద ఊదుతూ కూర్చుంది. కళ్ళలోంచి నీళ్ళు కారి ముద్ర మీద పడతాయేమోనని ముఖం పక్కకి తిప్పుకుంది. ముసలమ్మ అది చూసింది. తలగడ కింద వెతికి ఒక బెల్లం బిళ్ళ తీసి ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఏడవకు. ఆ-ని కూడా వచ్చిన కొత్తలో ఇలాగే ఏడిసేది. మాట వచ్చేత్తాది. మూడు నెలలు పడుతుంది, అంతే." ఆమె చెవికి దగ్గరగా వంగి, నెమ్మదిగా ఒక్కో మాట విడదీసి అడిగింది. "మీది ఏ దేశం?"

ప్రతి మాటా అర్థమైంది. యూచింగ్ బెల్లం బిళ్ళ దవడకి నెట్టుకుంది.

"ఇక్కాడే, ఆమా."

"ఇక్కాడేయా?" ముసలమ్మ ఆలోచించింది. "ఆ దేశం పేరు నానెప్పుడూ ఇన్లేదే. శానా దూరమా అమ్మా?"

యూచింగ్ తల ఊపింది.